వెనక కాళ్ళ నాడాలు

నరసరావుపేట,
9 జూన్ 2024

ఐజాజ్,

నానీ దువాలు. మీ మామ ముబారక్ నీ నెంబరు కలిపి ఫోను నా చేతికిచ్చాడు. తిరిగి ఇచ్చేశాను. చెవిలో మిషను పెట్టుకున్నా ఫోన్లో నాకు సగం మాటలే అందుతాయి. మిగతా సగం నేను ఊహించుకుని ఆ ఊహకే జవాబు చెబుతాను. ఇది ఊహతో తేల్చే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి.

విషయం సుర్మా గురించి. మొన్న బరంపేటలో పెళ్ళి ఊరేగింపు మధ్యలో దాని కుడి వెనక కాలి నాడా మళ్ళీ ఊడిపోయింది. పెళ్ళికొడుకు పడలేదు గానీ తలపాగా పడింది. ఊడిన నాడా ఎవరి జేబులోకి వెళ్ళిందో తెలియదు. నల్ల గుర్రం నాడా అంటే ఈ ఊళ్ళో అందరికీ శని గుర్తొస్తాడు.

మరునాడు నాడాలు కొట్టే శౌరిని పిలిపించాను. కాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "ఇంక మేకు కొట్టటానికి జాగా ఏదమ్మా? కొట్టిన చోటే కొట్టి డెక్కని జల్లెడ చేశాం. ఇంకోటి దిగ్గొడితే పెచ్చు లేచొస్తది" అన్నాడు. ఎడమ కాలు కూడా అంతే. ప్రస్తుతానికి కుడికాలికి పాత నాడా ఒకటి రెండు మేకుల మీద నిలబెట్టి వెళ్ళాడు.

మీ మామకు సందు దొరికింది. "నాడా నిలవని గుర్రం, టైరు లేని బండి ఒకటేనమ్మా. అచ్చంపేటలో పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పే ఆయన అడుగుతున్నాడు. ఇచ్చేద్దాం" అంటున్నాడు. ఆయన ఏం చేస్తాడని అడిగాను. లావు మేకులు కొట్టి నడిచినన్నాళ్ళు నడిపిస్తాడట. తర్వాత సంగతి మీ మామ చెప్పలేదు, నేను అడగలేదు.

మీ తాత పోయే ముందు సుర్మా నీదని అన్నారు. దానికి కాగితం లేదు. అయినా మాట మాటే. చిన్నప్పటి నుంచి అమ్మమ్మనైన నా దగ్గరే పెరిగావు, నా సంగతి నీకు తెలుసు. నీ అభిప్రాయం వినకుండా అమ్మనివ్వను. కానీ నీ జవాబు కోసం ఏడాది ఆగను.

వేళకు తింటున్నావా? అక్కడ చలి మొదలయ్యే లోపు రగ్గు పంపిస్తాను.

నీ నానీ,
అబిదా


మొయినాబాద్,
16 జూన్ 2024

నానీకి సలాం.

సుర్మాని అమ్మొద్దు. ముందు ఈ మాట రాసేశాను, ఇక నెమ్మదిగా మిగతాది రాస్తాను.

నేను ఈ స్వారీ స్కూల్లో చేరిన రోజున ఒక వింత చూశాను. ఇక్కడి గుర్రాల్లో చాలావాటికి ముందు కాళ్ళకే నాడాలు ఉన్నాయి. వెనక కాళ్ళు ఉత్తవి. నాడాలు కొట్టేవాడు సగం పనిలో పారిపోయాడేమో అనుకున్నాను. మా ఓనరు గోపీచంద్ గారు నవ్వి వివరంగా చెప్పారు. గుర్రం బరువు ముందు కాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది. వెనక డెక్కకు నేల తగులుతూ ఉంటే అదే గట్టిపడుతుంది, మడమ వెడల్పవుతుంది. పైగా మందలో ఒకదాన్నొకటి తన్నుకున్నా ఇనుము తగలదు.

డెక్క కూడా మన గోరు లాంటిదే నానీ. పైన వెంట్రుకల దగ్గర పుట్టి కిందికి దిగుతుంది. సుర్మా డెక్కలో ఉన్న మేకుల రంధ్రాలు కూడా కిందికి దిగి అరిగిపోతాయి. వాటి వెనకే కొత్త డెక్క వస్తుంది. మనం చేయాల్సిందల్లా దానికి సమయం ఇవ్వటం.

శౌరి మామతో వెనక నాడాలు రెండూ తీయించండి. డెక్క అంచు పదునుగా వదలకుండా ఆకురాయితో గుండ్రంగా రాయమనండి, లేకపోతే పెచ్చులు లేస్తాయి. మొదట్లో స్వారీ వద్దు, ఊరేగింపులు అసలే వద్దు. మెత్తటి మట్టిలో పగ్గం పట్టుకుని నడిపించాలి. అది అలవాటయ్యాక నున్నటి తారు రోడ్డు మీద కొంచెం కొంచెంగా. కంకర మీదికి తీసుకెళ్ళకూడదు. ఉలవలు తగ్గించి ఎండుగడ్డి పెంచండి. అడుగు ఎక్కడైనా కురచగా వేస్తే ఆ రోజుకి ఆపేయాలి. కొన్నాళ్ళు వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది, భయపడకండి.

నేనే వచ్చి చేయాలి గానీ, ఏడాది నిండేదాకా ఇక్కడ సెలవు లేదు. గోపీచంద్ గారు "కుదురైన గుర్రమైతే ఇక్కడికే తీసుకురా, చూద్దాం" అన్నారు. అది తర్వాతి మాట.

చెవి మిషను బ్యాటరీ మామ మారుస్తున్నాడా?

మీ ఐజాజ్


నరసరావుపేట,
1 జూలై 2024

ఐజాజ్,

నానీ దువాలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరదోషం కూడా లేదు. సంతోషం.

శనివారం ఉదయం శౌరి వచ్చి వెనక నాడాలు తీశాడు. నువ్వు రాసింది చదివి వినిపిస్తే తలాడించి, "తియ్యటం ఎంత పనమ్మా. అది నడవాల్సింది మన ఊరి రోడ్ల మీదని ఆ హైదరాబాద్ ఆయనకి తెలుసా?" అన్నాడు. అంచులు మాత్రం శ్రద్ధగానే రాశాడు. సుర్మా నాడా లేని కాలు దించి, నేల ఎత్తు మారినట్టు ఒకసారి ఆగి, మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించింది.

రెండో నాడా ఊడేసరికి ఎదురింటి వాసంతి గేటు దగ్గర ప్రత్యక్షమైంది.

"పిన్నీ, ఆ నాడా మాకియ్యవా? మావాడికి ఏలినాటి శని. ఉంగరం చేయిస్తా."

"మీవాడికి పట్టింది శని కాదే, ఫోను. ముందు అది ఊడదీయించు."

"అబ్బ, నువ్వెప్పుడూ అట్నే అంటావు. ఒక్కటియ్యి చాలు."

ఇచ్చాను. ఇనుప ముక్కే కదా. రెండోది శౌరి సంచిలో వేసుకున్నాడు. "చర్చికి పోయే మనిషివి, నీకు శనితో పనేమిటి?" అన్నాను. "నాకు లేదమ్మా. అడిగేవాళ్ళు చానామంది ఉన్నారు" అన్నాడు.

ఇక అసలు సంగతి. మీ మామ గుర్రాన్ని అమ్మకుండా ఆపి నీ మాట నిలబెట్టాను. కానీ గడువు లేని పని నాకు నచ్చదు, నీకూ అలవాటు కాకూడదు. రజబ్ నెలలో, అంటే వచ్చే జనవరిలో, మన దర్గా ఉరుసు. గంధం గిన్నె మన ఇంటి నుంచి బయలుదేరి మన గుర్రం మీద దర్గాకు చేరుతుంది. మీ తాత సంపాదించిన గౌరవం అది. ఆ రోజు సుర్మా వెనక నాడాలు లేకుండా, కుంటకుండా, గంధం మోసుకుని దర్గా దాకా నడవాలి. నడిస్తే మన ఇంట్లోనే ఉంటుంది, ఎవరూ అమ్మకం మాట ఎత్తరు. నడవకపోతే అచ్చంపేట ఆయనకు ఇచ్చేస్తాం, నువ్వు ఎదురు చెప్పకూడదు. మీ మామ ఒప్పుకున్నాడు. నీ ఒప్పుదల కూడా రాసి పంపు.

"తర్వాతి మాట" అని నువ్వు రాసింది కూడా చదివాను.

నీ నానీ,
అబిదా


మొయినాబాద్,
24 జూలై 2024

నానీకి సలాం.

మీ షరతుకు ఒప్పుకుంటున్నాను. ఉరుసు నాటికి సుర్మా నడుస్తుంది. నాకు నమ్మకం ఉంది.

ఇక్కడ వానలు. పిల్లలు స్వారీకి రావటం లేదు, శాలలు కడగటం, జీనులకు నూనె పట్టించటమే పని. నిన్న ఒక పోనీ గుర్రం నా టోపీ నమిలేసింది.

ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. నా క్లాస్‌మేట్ సుధీర్ బాబు ఫోన్ చేశాడు. పోయిన ఆదివారం కల్యాణ మండపం ముందు సుర్మాని చూశాడట. మెళ్ళో పూలదండ ఉందట, పక్కన పెళ్ళికొడుకు ఉన్నాడట. మామ మీకు చెప్పకుండా ఊరేగింపు ఒప్పుకున్నాడా? లేక మీకు తెలిసే జరిగిందా? డెక్క మారే రోజుల్లో ఒక్క ఊరేగింపు చాలు, నెలల పని పాడవుతుంది. మీరు మాట ఇచ్చారు కదా నానీ.

మీ ఐజాజ్


నరసరావుపేట,
9 ఆగస్టు 2024

ఐజాజ్,

ఇచ్చిన మాట నాకు గుర్తు చేయటానికి నీకు ఇంకా వయసు రాలేదు.

జరిగింది చెబుతాను. నువ్వు రాసిన ప్రకారమే మట్టిలో నడక అయ్యాక సుర్మాని తారు రోడ్డు ఎక్కించాను. నున్నటి తారు ఈ చుట్టుపక్కల కల్యాణ మండపం ముందే ఉంది. పగ్గం పట్టుకుంది నేనే, పక్కన శౌరి. అక్కడ ఆషాఢం పట్టింపు లేని పెళ్ళివారు తమ గుర్రం కోసం ఎదురుచూస్తున్నారు. మమ్మల్ని చూసి "వచ్చేసింది, వచ్చేసింది" అని ఎవరో మెళ్ళో దండ వేశారు. పెళ్ళికొడుకు పక్కన నిలబడి ఫొటో దిగాడు. "బాబూ, ఇది మీ గుర్రం కాదు, వ్యాయామానికి వచ్చింది" అని చెప్పి తీసుకొచ్చేశాను. దండ కూడా వెనక్కి ఇచ్చాను. సుధీర్ బాబుకు ఇంత గమనించే ఓపిక ఉంటే డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలేవి కావు.

ఇప్పుడు అసలు బాధ. జూలై చివరి దాకా సుర్మా బాగానే నడిచింది. వానలు పట్టినప్పటి నుంచి వెనక అడుగులు కురచ అయ్యాయి. శాలలో నిలబడి కుడికాలి నుంచి ఎడమకాలికి, ఎడమ నుంచి కుడికి బరువు మారుస్తూనే ఉంటుంది. ఎండలో బండ మీద నిలబెట్టిన మనిషిలా ఉంది దాని వాలకం. ముందు కాళ్ళు మాత్రం నిబ్బరంగా ఉన్నాయి. నడక ఆపేశాను. శాల పొడిగా, శుభ్రంగా ఉంచుతున్నాను. అందులో నమాజు చేసుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది.

"నాడా ఉన్నప్పుడు ఇట్టా లేదు గదమ్మా" అని శౌరి అంటున్నాడు.  

నీ పద్ధతి మీద నాకు అనుమానం వస్తోంది. ఏం చేయాలో రాయి.

అబిదా


మొయినాబాద్,
26 ఆగస్టు 2024

నానీకి సలాం.

ఫొటో సంగతికి క్షమించండి. కానీ కాళ్ళ సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు.

గోపీచంద్ గారికి చదివి వినిపించాను. "నెల రోజులు బాగా నడిచిన గుర్రం ఉన్నట్టుండి రెండు కాళ్ళూ నేల మీద పెట్టలేకపోతోందంటే కంకర మీద నడిపించి ఉంటారు, డెక్క అడుగు కమిలింది" అన్నారు. మన ఇంటి వెనక రైలు గేటు వైపు కంకర పరిచారని మామే చెప్పాడు. మెత్తటి మట్టి దొరక్క అటు తీసుకెళ్ళారా? లేక మామ తీసుకెళ్ళాడా? మీరు పెద్దవారు, రోజూ మీరే వెంట ఉండలేరు. ఎవరో ఏదో చేస్తున్నారు, మీకు తెలియటం లేదు. చెప్పింది చెప్పినట్టు చేసి ఉంటే ఇలా అయ్యేది కాదు నానీ.

గోపీచంద్ గారు మళ్ళీ అడిగారు. ఇక్కడికి తెస్తే తన కళ్ళ ముందు ఉంటుంది, సరిచేద్దామన్నారు. ఆలోచించండి.

మీ ఐజాజ్


నరసరావుపేట,
14 సెప్టెంబరు 2024

ఐజాజ్,

నీ ఉత్తరం అందింది. జవాబు వెంటనే రాస్తే రాయకూడనివి రాస్తానని వారం ఆగాను.

చెప్పింది చెప్పినట్టు చేయలేదని అన్నావు. నేను ఏం చేస్తున్నానో చదువుకో. పొద్దున లేవగానే శాలలోంచి లద్దె తీయిస్తాను. నేల ఊడిపిస్తాను. తడి ఆరటానికి, ఈగలు ముసరకుండా ఉండటానికి పిడుగురాళ్ళ సున్నం పొడి నేలంతా చల్లిస్తాను. మీ తాత ఏటా వానాకాలం చేయించినట్టే. ఈ ఏడు వాన ఎక్కువ కాబట్టి, డెక్కలు నాననివ్వకూడదని, రోజు విడిచి రోజు కాక రోజూ చల్లిస్తున్నాను, అదీ దిట్టంగా. డెక్కలు గుడ్డతో తుడుస్తాను. ఉలవలు సగం చేశాను. కంకర వైపు సుర్మా అడుగే పెట్టలేదు. ఇదంతా నేను నా కళ్ళతో నిలబడి చేయిస్తున్నాను. నాకు వినపడదు గానీ కనపడుతుంది.

ఇవన్నీ చేస్తున్నా గుర్రం రోజురోజుకీ కుంగిపోతోంది. నిన్న పొద్దున శాలలోంచి బయటికి రమ్మంటే రెండడుగులు వేసి ఆగిపోయింది. దాని కళ్ళలోకి చూడలేకపోయాను.

నాకు ఇప్పుడు అర్థమవుతోంది. గుర్రం ఇక్కడ కుంటితే నీ గోపీచంద్ గారి దగ్గరికి చేరుతుంది. నువ్వు అలా కోరుకున్నావని అనను. కానీ రెండు ఉత్తరాల చివర ఆ మాట ఉంది.

ఉరుసు దాకా గడువు పెట్టింది నేనే. కానీ నోరులేని జీవి నొప్పి పడుతుంటే గడువు చూస్తూ కూర్చోవటం న్యాయం కాదు. ఆదివారం కాక పై ఆదివారం అచ్చంపేట ఆయన వస్తాడు. నాడాలు కొట్టించుకుని తీసుకెళ్తాడు. నాడా పడితే అడుగు నిలుస్తుందని శౌరి కూడా అంటున్నాడు.

నీకు ముందుగా తెలియజేయటం నా ధర్మం. తెలియజేశాను.

అబిదా


మొయినాబాద్,
20 సెప్టెంబరు 2024

నానీకి సలాం.

ఈపాటికి వాసంతి పిన్ని మీకు చెప్పే ఉంటుంది. ఉత్తరం చేరేదాకా ఆగలేక ఆమెకే ఫోన్ చేశాను. మామకు చేస్తే ఎత్తలేదు. అయినా అంతా రాతలో ఉండాలని మీరంటారు కాబట్టి రాస్తున్నాను.

సున్నం నానీ. సున్నమే.

మీ ఉత్తరంలో ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. తాత చల్లించినప్పుడు సుర్మాకు నాలుగు కాళ్ళకూ నాడాలు ఉండేవి. నాడా ఉన్న డెక్క నేలకు తగలదు, ఇనుము మందాన ఎత్తులో ఉంటుంది. సున్నం కిందే ఉండిపోయేది. ఇప్పుడు వెనక కాళ్ళతో అది నిలబడేదే సున్నంలో. వాన తడి, ఉచ్చ తడి తగిలిన సున్నం డెక్కలో తేమంతా లాగేస్తుంది. అడుగున మధ్యలో ముక్కోణంలా ఉండే మెత్తటి కండను కాలుస్తుంది. ముందు కాళ్ళు నిబ్బరంగా ఉన్నాయని మీరే రాశారు. వాటికి నాడాలు ఉన్నాయి కాబట్టి.

మా గోపీచంద్ గారికి ఇది తట్టలేదు. ఆయన సున్నపు బట్టీల ఊళ్ళ పక్కన పెరగలేదు. నాకు తట్టి ఉండాల్సింది. పిడుగురాళ్ళ నుంచి బస్తాలు దించింది చిన్నప్పుడు నేనే కదా.

సున్నం పూర్తిగా ఎత్తించి, శాల కడిగించి, ఇసుక పోయించండి. డెక్కలు ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆరాక కొబ్బరి నూనె రాయండి. నడక ఇప్పుడు వద్దు. పశువుల డాక్టరుకు ఒకసారి చూపించండి.

చెప్పింది చెప్పినట్టు మీరు చేయలేదని రాశాను. నేను చెప్పినదానికంటే మీరు ఎక్కువే చేశారు. ఆ మాట తిరిగి తీసుకుంటున్నాను. గోపీచంద్ గారి మాట కూడా ఇక రాయను. సుర్మా ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది నేను కాదు, నా ఓనరు కాదు. దాని కాళ్ళు బాగుపడితే చాలు.

ఆదివారం ఆయన్ని ఆపండి నానీ. కాలిన డెక్కకు మేకు కొడితే ఆ గుర్రం ఇక లేవదు.

మీ ఐజాజ్


నరసరావుపేట,
6 అక్టోబరు 2024

ఐజాజ్,

నానీ దువాలు.

ఆ రోజు వాసంతి తడి చేతులతో ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చి "సున్నం పిన్నీ, సున్నం" అంది. తాంబూలానికి అడుగుతోందనుకుని డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆమె ఆ డబ్బా నా చేతిలోంచి లాక్కుని, నన్ను చెయ్యి పట్టుకుని శాల దగ్గరికి తీసుకెళ్ళి నేల చూపించింది. తర్వాత సుర్మా కాళ్ళు చూపించింది. అప్పుడు అర్థమైంది.

 నేల తెల్లగా ఉంది. అంత తెల్లగా ఉందని నేను గర్వపడ్డాను.

డాక్టరుగారు వచ్చి చూశారు. నువ్వు చెప్పిందే చెప్పారు. డెక్కకు కొత్త అడుగు రావటానికి సమయం పడుతుందన్నారు. లోపలి ఎముకకు ఏమీ కాలేదు, అల్హందులిల్లాహ్.

ఆదివారం అచ్చంపేట ఆయన వ్యాను తీసుకుని వచ్చాడు. గుర్రాన్ని ఇవ్వటం లేదని చెప్పాను. ఆయన ముందే మీ మామ గొంతు పెంచాడు. నాకు వినపడాలని కాదు, కోపంతో.

"గడువు పెట్టింది నువ్వు. నడవకపోతే ఇచ్చేద్దామంది నువ్వు. ఇప్పుడు నడవట్లా. ఏందమ్మా ఇది? నీ మాట నీకే లేకపోతే ఎట్టా?"

"నేను బళ్ళో టీచరుగా ఉన్నప్పుడు పరీక్ష కాగితంలో ప్రశ్న తప్పుపడితే ఏం చేసేవాళ్ళమో తెలుసా? ఆ ప్రశ్నకు పిల్లల మార్కులు తీసేసేవాళ్ళం కాదు. ఇది నేను తప్పుగా ఇచ్చిన ప్రశ్న. ఈ పరీక్ష చెల్లదు" అన్నాను.

"ఇది గుర్రమమ్మా, పదో తరగతి కాదు."

"నాకు రెండూ ఒకటే."

అచ్చంపేట ఆయన ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు. మీ మామ అన్నం తినకుండా తన షాపుకు వెళ్ళాడు. సాయంత్రం ట్రాలీ ఆటోలో ఇసుక తెచ్చి, పారతో శాల నిండా తనే పరిచాడు. పరిచాక సుర్మాని లోపలికి నడిపించి, అది అడుగు వేసే తీరు చూసి, "అమ్మా, టీ ఉందా?" అన్నాడు.

నేను కోపంలో నీ మీద వేసిన నింద కూడా చెల్లదు. నువ్వు గుర్రం కోసం రాశావు, నేను దాన్ని వేరుగా చదివాను.

నీ నానీ,
అబిదా


మొయినాబాద్,
15 డిసెంబరు 2024

నానీకి సలాం.

రగ్గు అందింది. ఇక్కడ పొద్దున్నే గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది.

శౌరి మామ పంపిన ఫొటోలు చూశాను. మేకుల రంధ్రాలు పూర్తిగా అరిగిపోయాయి. అంచు గట్టిగా కనిపిస్తోంది. మట్టిలో, తారు మీద ఇబ్బంది లేకుండా నడుస్తోందని మామ కూడా చెప్పాడు. మామ నాకు ఫోన్ చేసి సుర్మా గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి.

కానీ దర్గా వీధి కొత్త రోడ్డు కోసం తవ్వి కంకర పోశారని, ఉరుసు నాటికి పూర్తి కాదని విన్నాను. కొత్త అడుగు ఇంకా పల్చగా ఉంటుంది. ఆ కంకర మీద గంధం మోస్తే మళ్ళీ కములుతుంది.

నానీ, ఒక మాట. ఇప్పుడు మేకు పట్టేంత డెక్క వచ్చింది. ఉరుసు ఒక్కరోజుకి వెనక నాడాలు కొట్టించండి. తర్వాత మళ్ళీ తీయించి మొదటి నుంచి మొదలుపెడదాం. ఒక ఏడు మన గుర్రం వెళ్ళకపోతే ఆ గౌరవం ఇంకో ఇంటికి పోతుంది. పోతే తిరిగి రాదు. తాత పేరు నా వల్ల పోవటం నాకు ఇష్టం లేదు. ఈ పని మొదలుపెట్టింది నేను.

మీ ఐజాజ్


నరసరావుపేట,
22 జనవరి 2025

ఐజాజ్,

నానీ దువాలు. నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు, ఎందుకంటే నిర్ణయం జరిగాక రాద్దామనుకున్నాను. ఉరుసు మొన్నటితో అయింది.

నాడాలు కొట్టించలేదు. శౌరి సంచితో సహా వచ్చాడు. మీ మామ కూడా, "ఒక్కరోజే గదమ్మా, ఇరవై ఏళ్ళ మర్యాద" అన్నాడు. మీ మామ నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. కాలు ఎత్తమన్నాను. శౌరి ఎత్తి పట్టుకున్నాడు. కొత్త డెక్క నల్లగా, సన్నటి గీతలతో, చిన్నపిల్లల గోరులా ఉంది. ఎక్కడా రంధ్రం లేదు. "దీంట్లో మేకు కొట్టగలవా?" అని అడిగాను. "కొట్టగలనమ్మా" అన్నాడు. కొట్టగలడు, నిజమే. నేనే చూడలేనని చెప్పి కాలు దించమన్నాను.

తర్వాత దర్గా బాగోగులు చూసే ముతవల్లి గారికి కబురు పంపాను. ఈ ఏడు మా గుర్రం రాదు, మీకు తోచిన ఇంటికి ఇవ్వండి అని. ఆయన రెండుసార్లు మనిషిని పంపి అడిగించారు. రెండుసార్లూ అదే చెప్పించాను. అలీ సాహెబ్ ఇంటికి ఇచ్చారు. వాళ్ళు సత్తెనపల్లి నుంచి తెల్ల గుర్రాన్ని తెప్పించారు.

ఉరుసు రోజు మధ్యాహ్నం అలీ సాహెబ్ తనే వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. గంధం గుర్రం మీద కప్పే ఆకుపచ్చ గుడ్డ మన ఇంట్లో ఉంటుంది కదా. దాని కోసం వచ్చాడు, కానీ అడగలేకపోయాడు. "ఆపా, మీరు ఇష్టపడితేనే" అన్నాడు. మీ తాత చివరిసారి దాన్ని ఉతికి మడిచి పెట్టిన మడతలోనే ఉంది. పెట్టెలోంచి తీసి రెండు చేతులతో ఇచ్చాను. ఆయన కళ్ళకు అద్దుకుని తీసుకున్నాడు. "వచ్చే ఏడు..." అన్నాడు. "వచ్చే ఏడు కూడా మీ ఇంటి నుంచే" అన్నాను. ఆ మాట ఆయన చేత అనిపించటం బాగుండదని నేనే అన్నాను.

మీ తాత పేరు నీ వల్ల పోలేదు. నీకు పాతికేళ్ళు కూడా లేవు, ఈ బరువు నువ్వు నెత్తిన పెట్టుకోకు. శాలలో సున్నం చల్లించింది నేను. ఆ మూడు నెలలు చెడకుండా ఉంటే ఈపాటికి ఆ అడుగు కంకరను తట్టుకునేదేమో. అందుకు ఇవ్వాల్సింది, ఆ గౌరవాన్ని, నేను ఇచ్చేశాను. ఆ జంతువు చేత ఇప్పించటం న్యాయం కాదు.

సాయంత్రం ఊరేగింపు మన వీధిలోంచే వెళ్ళింది. సుర్మాని బయటికి తెచ్చి వాకిట్లో నా పక్కన నిలబెట్టుకున్నాను. డప్పులు నాకు వినపడవు గానీ అరుగు అదురుతుంటే పాదాలకు తెలుస్తుంది. తెల్ల గుర్రం మన ముందు నుంచి వెళ్ళింది. ఆకుపచ్చ గుడ్డ దాని వీపు మీద ఉంది. మన గుమ్మం ముందు గంధం గిన్నె పట్టుకున్న కుర్రాడు ఒక్క క్షణం ఆగి నాకు సలాం చేశాడు. జవాబు ఇచ్చాను. వాసంతి నా భుజం మీద చెయ్యి వేసింది.  వాసంతి మాట్లాడకపోవటం నువ్వు ఎప్పుడైనా చూశావా?

మీ మామ ఊరేగింపు వెంట వెళ్ళలేదు. గేటు దగ్గరే నిలబడి ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు. అచ్చంపేట ఆయనతోనట. ఆ గుర్రం ఇక అమ్మకానికి లేదని, మళ్ళీ అడగొద్దని చెప్పాడట. చెప్పమని నేను అడగలేదు.

నువ్వు సెలవు మీద వచ్చాక దాన్ని ఎక్కడ ఉంచుకుంటావో ఆలోచించుకుని చెప్పు. మొయినాబాద్ అయినా సరే. గుర్రం నీది, ఇక గడువులు లేవు.

వీధి ఖాళీ అయ్యాక నేను చాలాసేపు దాని పక్కనే ఉన్నాను. వీపు మీద ఏమీ లేదు, చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. కాసేపటికి అది తల వంచి, ఎడమ వెనక కాలు మడిచి, డెక్క కొస మాత్రం నేలకు ఆనించి, బరువంతా కుడి వెనక కాలి మీద వదిలేసి కళ్ళు మూసుకుంది. నొప్పి ఉన్న కాలి మీద గుర్రం అలా నిద్రపోదు. నేను కదిలితే లేస్తుందని, అది లేచేదాకా అలాగే నిలబడ్డాను.

నీ నానీ,
అబిదా